తాళం వేసిన ఇంట్లో ఎగిరే పేలు

శ్రావణంలో మా చెల్లెలి పెళ్లికని ఇంటికి తాళం వేసి హైదరాబాదు వెళ్లాం. పెళ్లి పనులు, ఆ తర్వాత అమ్మని డాక్టర్ల దగ్గరికి తిప్పడం, అన్నీ కలిసి 22 రోజులు అక్కడే అయిపోయాయి. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే రాజోలులో బస్సు దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి ఎనిమిదయింది. తాళం తీసి, సామాను వసారాలో పడేసి, కిటికీలు తెరుద్దామని నేను లోపలికి నాలుగడుగులు వేశానో లేదో, మా పాప తెల్ల సాక్సులతోనే హాల్లోకి పరిగెత్తి "అమ్మా, నా కాళ్ల మీద నువ్వులు పడ్డాయి" అని అరిచింది. చూద్దును కదా, రెండు సాక్సుల మీదా చీలమండల దాకా నల్లనువ్వులు చల్లినట్టు మచ్చలు. చెయ్యి పెట్టగానే ఒక్కొక్కటీ చిటుక్కున ఎగిరి మాయమైపోతున్నాయి. పది నిమిషాలు తిరక్కుండా నా పిక్కల నిండా దద్దుర్లు.

ఆ 22 రోజులూ మా కుక్క చిట్టి ఆ ఇంట్లో లేదు. పక్కింటి బాబాయి గారింట్లో వదిలి వెళ్లాం. పిల్లి బంగారిని కూడా వాళ్లే చూసుకున్నారు. అంటే మూడు వారాలపాటు లోపల ఒక్క ప్రాణి కూడా లేని ఇల్లు అది. మరి ఈ పురుగులు ఏం తిని బతికాయి, అదీ మేం అడుగు పెట్టిన నిమిషంలోనే అన్ని ఎక్కణ్ణించి లేచాయి? ఆ ప్రశ్నకి జవాబు సరిగ్గా తెలిసేసరికి నాకు రెండు వారాలు పట్టింది. ఈలోపు తెలియక నేను చేసిన ఒక పనికి బంగారి ప్రాణం మీదకి వచ్చింది. అందుకే ఇది కాస్త పెద్దదైనా వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో వీటిని ఫ్లీ అంటారు. మన వైపు కుక్క ఒంటి మీద ఏ పురుగు కనిపించినా ఒకరు గోమారి అంటారు, ఒకరు పిడుదు అంటారు, ఇంకొకరు కుక్కపేను అంటారు, దాంతో మందు దగ్గర కూడా తికమక వస్తుంది. గోమారి ఒకచోట కరుచుకుని కదలకుండా ఉంటుంది, రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బుతుంది, దానికి ఎగరడం రాదు. ఈ ఫ్లీ అలా కాదు, రెండు మూడు మిల్లీమీటర్లకి మించి ఉండదు, పక్కల నుంచి అదిమినట్టు సన్నగా ఉండి వెంట్రుకల మధ్య నుంచి జారిపోతుంది, పట్టుకోబోతే జానెడు ఎత్తు ఎగురుతుంది. మా పాప పెట్టిన పేరు "ఎగిరే పేలు". నేనూ అదే వాడతాను. పిల్లల తలలో పడే పేలకీ వీటికీ సంబంధం లేదు, ఇవి మనుషుల్ని కుడతాయే తప్ప మన తలలో కాపురం పెట్టవు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. ఇంకో సంగతి, కుక్కల మీద కనిపించేవాటిలో కూడా ఎక్కువ భాగం పిల్లి ఫ్లీ అనే రకమే, శాస్త్రీయ నామం టెనోసెఫలైడిస్ ఫెలిస్. కాబట్టి ఇంట్లో రెండూ ఉంటే పేలు కుక్కవా పిల్లివా అని పంచుకోవడానికేం లేదు, రెండింటివీ.

కుక్కకి ఉన్నాయో లేదో తేల్చుకోడానికి పశువుల డాక్టరు గారు నాకు చూపించిన పరీక్ష చాలా సులువు. చిట్టిని తెల్ల పంచె మీద నిలబెట్టి, తోక మొదట్లో నడుము మీద పేల దువ్వెనతో గట్టిగా దువ్వాను. పురుగు ఒక్కటే దొరికింది, కానీ పంచె మీద మిరియాల పొడి రాలినట్టు నల్లటి నలుసులు బోలెడు పడ్డాయి. మట్టేమో అనుకున్నాను. వాటి మీద నాలుగు నీటి చుక్కలు వేసి ఆగమన్నారు. ఒక్క నిమిషంలో ప్రతి నలుసు చుట్టూ ఇటుక రంగు మరక పాకింది. అది చిట్టి రక్తమే. పేలు తాగి, సగం అరక్కుండానే విసర్జించిన రక్తం. మట్టయితే నీళ్లు పడితే బురద రంగులోనే ఉంటుంది. ఆ ఎర్ర మరకలు పాకుతుంటే చూసి నాకు కడుపులో దేవినట్టయింది, పాపం అది నెలల తరబడి వీపు కొరుక్కుంటుంటే వేడి చేసిందనుకుని మజ్జిగన్నం పెడుతూ వచ్చాను.

ఇక తాళం వేసిన ఇంటి సంగతి. ఆడ పేను కుక్క ఎక్కి మొదటిసారి రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు మొదలుపెడుతుంది, జోరు మీదుంటే రోజుకి 40, 50 దాకా పెడుతుంది. మన తల పేల ఈపుల్లా ఆ గుడ్లు వెంట్రుకకి అంటుకోవు. ఉప్పు రవ్వలా నున్నగా ఉండి, కుక్క ఎక్కడ ఒళ్లు విదిలిస్తే అక్కడ, ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. అవి పొదిగి సన్నటి తెల్లపురుగులవుతాయి. ఆ పురుగులకి వెలుతురు పడదు, బొంత మడతల్లోకి, మంచం కిందకి, గచ్చు నెర్రెల్లోకి పాకి దాక్కుని, పైనుంచి రాలే ఆ ఎండు రక్తం నలుసుల్నే తిని పెరుగుతాయి. తల్లి విసర్జించిన రక్తమే పిల్లలకి తిండి. కొన్నాళ్లకి జిగురు గూడు కట్టుకుంటాయి, ఆ గూటికి దుమ్మూ నూగూ అంటుకుని ఎంత వెతికినా కనిపించదు. మనకి కనిపించే పెద్ద పేలు మొత్తంలో 5 శాతమేనని పశువైద్య పుస్తకాల్లో రాస్తారు, మిగిలిన 95 శాతం గుడ్డుగానో పురుగుగానో గూటిలోనో ఇంట్లో ఉన్నట్టే లెక్క.

ఆ గూటిలో ఉన్నది బయటికి రావడానికి తొందరపడదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే చాలు, ఎవరో వచ్చారని తెలుసుకుని క్షణాల్లో పగలగొట్టుకుని వస్తుంది. ఎవరూ రాకపోతే నెలల తరబడి అలాగే ఉండగలదు. మా ఇంట్లో జరిగింది ఇదే. మేం వెళ్లేముందు చిట్టి రాల్చిన గుడ్లన్నీ ఆ మూడు వారాల్లో పెరిగి, గూళ్లు కట్టుకుని, మా అడుగుల చప్పుడు కోసం కూర్చున్నాయి. అద్దెకి దిగిన కొత్త ఇంట్లో, సంక్రాంతికి తలుపు తీసిన పాత ఇంట్లో కాళ్లకి పురుగులు ఎగబాకాయని చెప్పేవాళ్లది కూడా ఇదే కథ.

మన గోదావరి డెల్టా వీటికి పుట్టిల్లులాంటిది. ఆ తెల్లపురుగులు బతకాలంటే గాలిలో తేమ సగానికి పైగా ఉండాలి, ఎండ తగలకూడదు, వెచ్చగా ఉండాలి. ఇది చదువుతుంటే నాకు మా పెరడే కళ్లముందు కనిపించింది. చుట్టూ కొబ్బరిచెట్ల నీడ, దడి పక్కన బోదె, ఏ కాలంలో చూసినా చల్లగా ఉండే నేల. చిట్టి మధ్యాహ్నాలు పడుకునేది కొబ్బరి డొక్కల గుట్ట పక్కన పొట్టులో. పైన పొట్టు ఎండినట్టే ఉంటుంది, ఒక చెయ్యి లోతు తవ్వి చూస్తే తడి. నేను ఒక దోసెడు తీసి తెల్ల పళ్లెంలో పోసి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. మొదట ఏమీ కనిపించలేదు, కాసేపటికి దారప్పోగు ముక్కలా ఒకటి మెలికలు తిరిగి నీడ వైపు పాకింది. తర్వాత ఇంకొకటి. ఆ డొక్కల గుట్ట వంటచెరుకు కోసమని మా మావయ్యగారి కాలం నుంచి ఆ చోటే ఉంది.

వరదల రోజుల్లో లంకల వాళ్ల బాధ ఇంకా ఎక్కువ. 2022 జూలైలో గోదావరి అంత పెద్ద ఎత్తున వచ్చినప్పుడు మనుషులూ పశువులూ కుక్కలూ అన్నీ ఏటిగట్టు ఎక్కినవే. అన్ని కుక్కలు ఒకచోట చేరితే ఒకదాని పేలు ఇంకోదానికి ఎక్కకుండా ఎలా ఉంటాయి. నీళ్లు తీశాక ఇళ్లలో ఆరని తడి. అటువైపు మీ చుట్టాలుంటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట, మందులు. మేం వచ్చిన సాయంత్రమే బాబాయి గారు పొలం మందు డబ్బా పట్టుకొచ్చారు. "ఏవమ్మా, దీనికింత ఆలోచనేంటి, బకెట్టుడు నీళ్లలో మూతెడు కలిపి కుక్కని ముంచేస్తే రేపటికి ఒక్కటుండదు, మా దొడ్లో ఎప్పుడూ ఇదే" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆ డబ్బా మీద క్లోర్‌పైరిఫాస్ అని ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ జాతి మందులు చర్మం గుండానే ఒంట్లోకి దిగుతాయి, పైగా కుక్క ఆరబెట్టుకోడానికి ఒళ్లంతా నాకుతుంది. నోట్లోంచి చొంగ ధారగా కారడం, వాంతులు, కనుపాపలు ఆవగింజంత అయిపోవడం, కండలు అదరడం, ఊపిరి ఆడకపోవడం, ఇవి కనిపిస్తే గంటలు కూడా ఉండవు, అట్రోపిన్ ఇంజెక్షన్ కోసం పశువుల ఆసుపత్రికి పరిగెత్తాలి.

బాబాయి గారు ఊరుకోలేదు. డాక్టరు గారు చెప్పిన మందుల్లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ పేర్లు విని, "అవి రెండూ మేం వరికి కొట్టేవే కదమ్మా, ఒకటి కాండం తొలిచే పురుగుకి, ఒకటి సుడిదోమకి, అదే మందు ఇంట్లో ఉండగా వందలు పోసి చిన్న గొట్టం కొనడం దేనికి" అన్నారు. రైతుకి ఆ అనుమానం రావడం న్యాయమే. పేరు ఒకటే అయినా పొలం మందులో అది ఎంత పాళ్లలో ఉందో వేరు, దాన్ని కరిగించడానికి వాడిన ద్రావకాలు వేరు. చేల మీద ఎకరానికి పిచికారీ కొట్టడానికి చేసినది అది, నాకే నాలుక ఉన్న జంతువు చర్మం కోసం చేసినది కాదు. కుక్క మందులో ఎన్ని కిలోల బరువుకి ఎన్ని మిల్లీలీటర్లు అని కట్టి, పరీక్షించి, చిన్న గొట్టంలో పోసి ఇస్తారు. ఇలా చెప్పాక ఆయన డబ్బా మూత బిగించి తీసుకెళ్లిపోయారు.

కిరోసిన్ పూయడం, ఫినాయిల్ నీళ్లతో కడగడం, కలరా ఉండలు పొడి చేసి పడక కింద చల్లడం, వెల్లుల్లి తినిపించడం, ఇవన్నీ మా వీధిలో నాకు వచ్చిన సలహాలే. ఒక్కటీ మంచిది కాదు. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. ఫినాయిల్ పిల్లులకి విషం. కలరా ఉండలు కుక్కకీ పిల్లికీ చిన్నపిల్లలకీ అందరికీ విషమే. వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. వేపాకు కాచిన నీళ్లతో స్నానం చేయిస్తే తప్పులేదు, కొన్ని పేలు కొట్టుకుపోతాయి, దురద మీద చల్లగా ఉంటుంది, కానీ దాంతో సమస్య తీరదు. మా అత్తయ్యగారు రెండు రోజులు సాంబ్రాణి పొగ వేశారు. చిట్టి దగ్గింది, పేలు అలాగే ఉన్నాయి.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. రెండో రోజు ఇంకా డాక్టరు గారు దొరక్కముందు, ఒక మందుల షాపుకి వెళ్లి ఇంట్లో కుక్క, పిల్లి ఉన్నాయి, పేలకి మందు కావాలి అని అడిగాను. కుక్క బొమ్మ ఉన్న గొట్టాలు రెండిచ్చి "పిల్లికి సగం పొయ్యండి మేడం, ఒకటే మందు" అన్నారు. నేను వెనక రాసింది చదవలేదు. అక్షరాలు అంత చిన్నవి. సాయంత్రం నాలుగింటికి బంగారి మెడ మీద సగం పోశాను. రాత్రి తొమ్మిదింటికి దాని చెవులు ఊరికే టపటపా అదురుతున్నాయి, దోమేమో అనుకున్నాను. పదింటికి వీపు మీద చర్మం అలలు అలలుగా కదులుతోంది. పిలిస్తే నా వైపు రాబోయి, వెనక కాళ్లు వణికి పక్కకి పడిపోయింది. ఎత్తుకుంటే ఒళ్లు పెనంలా కాలిపోతోంది, నా చేతుల్లో దాని ఒళ్లంతా సెల్ ఫోను వైబ్రేషన్‌లా ఆగకుండా వణుకు.

డాక్టరు గారికి ఫోను కలిసింది. గొట్టం మీద ఏం రాసుందో చదవమన్నారు. ఫోను లైటు పెట్టి చదివితే పెర్మెత్రిన్ అని ఉంది, దాని కిందే పిల్లులకి వాడరాదు అని ఉంది. "చూడమ్మా, ఇప్పుడే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు పెట్టి మందు పోసిన చోట బాగా కడిగెయ్యండి, చన్నీళ్లు వద్దు, మరీ వేన్నీళ్లూ వద్దు, తువ్వాల్లో చుట్టి వెంటనే తీసుకొచ్చెయ్యండి" అన్నారు. మా ఆయన బండి మీద, నేను తువ్వాల మూటతో వెనక, ఆ వానలో వెళ్లాం. వణుకు తగ్గడానికి ఇంజెక్షన్లు, సెలైన్, రెండు రాత్రులు అక్కడే. బతికింది. కుక్క కాలేయం పెర్మెత్రిన్‌ని విరిచి బయటికి పంపేస్తుందట, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ, అందుకని కుక్కకి ఏమీ కాని మోతాదు పిల్లిని చంపేస్తుంది. పిల్లికి నేరుగా పోయనక్కర్లేదు కూడా, ఆ మందు పోసిన కుక్కని ఆనుకుని పడుకున్నా, దాని మెడ నాకినా చాలు. గోమార్లకి వాడే అమిట్రాజ్ కూడా పిల్లులకి పనికిరాదు. ఇంట్లో పిల్లి ఉంటే, కనీసం వీధి పిల్లి వచ్చి మీ కుక్క పక్కన పడుకునే అలవాటున్నా, ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి.

సరైన మందు ఏదన్నది మీ కుక్క వయసు, బరువు, ఆరోగ్యం చూసి డాక్టరు చెప్పాల్సిందే. నాకు తెలిసినంతలో రెండు దారులున్నాయి. ఒకటి మెడ వెనక పోసే చుక్కల మందు, ఫిప్రోనిల్ లాంటిది, దాంతోపాటు గుడ్లు పొదగకుండా చేసే మెథోప్రీన్ కలిసి ఉన్నది దొరికితే ఇంకా మేలు. వెంట్రుకల మీద కాదు, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పొయ్యాలి, నాలుక అందని చోట. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. రెండోది నోటి మాత్ర, అఫోక్సొలానర్, సారోలానర్ అయితే నెలకొకటి, ఫ్లూరాలానర్ అయితే సుమారు 12 వారాలు పనిచేస్తుంది. ఈ మాత్రల కుటుంబం వల్ల కొన్ని కుక్కలకి ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, కాబట్టి మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చుంటే తప్పకుండా చెప్పాలి. 8 వారాలు నిండని పిల్లలకి వీటిలో చాలావరకు పనికిరావు. వాటికి పేల దువ్వెనతో రోజూ దువ్వి, పట్టిన వాటిని సబ్బు నీళ్లలో వెయ్యడమే. ఆ చిన్న ఒంట్లో ఉన్న రక్తమే కొంచెం, వందల పేలు తాగితే పిల్లలు పాలిపోయి చచ్చిపోతాయి. నాలిక, చిగుళ్లు తెల్లబడ్డాయంటే ఆలస్యం చెయ్యకండి.

బరువు అంచనాగా చెప్పకండి. బియ్యం తూచే కాటా మీద నేను చిట్టిని ఎత్తుకుని నిలబడ్డాను, తర్వాత నేనొక్కదాన్నే నిలబడ్డాను, తేడా 14 కిలోలు. నేను 20 ఉంటుందనుకున్నాను.

మందు ఇచ్చాక చిట్టి ఒంటి మీద పేలు మర్నాటికి చచ్చాయి. ఇంట్లో పని అప్పుడు మొదలైంది. మొదటి రోజు కుక్క, పిల్లి పడుకునే ప్రతి గుడ్డా, గోనెసంచీ, సోఫా గలేబులు, పాప బొంతలు అన్నీ పెరట్లో కాగు పెట్టి మరిగే నీళ్లలో సబ్బు వేసి ఉడకబెట్టాను. చిట్టి పాత బొంత కాల్చేశాం. మంచాలు జరిపి, సోఫా తిరగేసి, చాపలు ఎత్తి ఊడ్చాం. ఊడ్చిన దుమ్ము చెత్తబుట్టలో వేస్తే మళ్లీ పాకి వస్తాయి, అందుకని సబ్బు నీళ్ల బకెట్టులో వేసేదాన్ని. మా తోడికోడలి దగ్గర వాక్యూమ్ క్లీనర్ అరువు తెచ్చాం, అది నిజంగా పనికొచ్చింది, గుడ్లనీ దుమ్మునీ లాగడమే కాకుండా దాని అదురుకి గూళ్లలో ఉన్నవి బయటికి వస్తాయి, బయటికి వస్తే మందున్న కుక్కని ఎక్కి చస్తాయి. లేనివాళ్లు గట్టి చీపురుతో మూలలు, గోడ అంచులు రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టినా చాలా తగ్గుతాయి. హాల్లో గచ్చు నెర్రెల్ని మా ఆయన సిమెంటు పాలుతో పూడ్చారు. డొక్కల గుట్ట మొత్తం తీయించి ఎండ పడే చోట గచ్చు మీద పరిపించాం, కింద పొట్టంతా ఎత్తేయించాం, వానలు తెరిపిచ్చిన రెండు రోజులు ఆ నేలకి నేరుగా ఎండ తగిలింది. ఇంట్లో గదంతా నిండేలా కొట్టే పొగమందులు మేం వాడలేదు, అవి మంచం కిందకి, నెర్రెల్లోకి పోవు, దాక్కున్న పురుగు అక్కడే ఉంటుంది, ఆ గాలి పీల్చేది పిల్లలు.

అయినా 18వ రోజున మళ్లీ ఒక్కసారిగా లేచాయి. ఆ రోజు నేను ఏడ్చేశాను, నిజంగా. మందు పనిచెయ్యలేదు, ఇంకో మందు మార్చమని డాక్టరు గారికి ఫోను చేశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు, గూటిలో ఉన్నవాటికి ఏ మందూ తగలదు, అవి వాటి టైముకి అవి వస్తాయి, రెండు మూడు నెలలు ఇలా వస్తూనే ఉంటాయి, ప్రతిసారీ తగ్గుతాయి, కుక్కకి మాత్ర ఆపకండి, ఊడవడం ఆపకండి, అని. చాలామంది సరిగ్గా ఈ దశలోనే కంగారుపడి మందు మీద మందు పోసి ప్రాణం మీదకి తెస్తారట. లెక్క తెలిస్తే ధైర్యం ఉంటుందని నేను రోజూ సాయంత్రం తెల్ల సాక్సులు మోకాలి దాకా లాక్కుని హాల్లో పది నిమిషాలు తిరిగేదాన్ని, ఎన్ని ఎక్కాయో డైరీలో రాసేదాన్ని. 18వ రోజు 26. నెల తిరిగేసరికి 9. రాత్రి ఒక పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి పైన చిన్న బల్బు వెలిగిస్తే వెలుగుకీ వేడికీ ఎగిరొచ్చి పడతాయి, దాంతో ఇల్లు శుభ్రం కాదు గానీ ఏ గదిలో ఎన్నున్నాయో తెలుస్తుంది. మా పడకగది పళ్లెం కంటే హాల్లో పళ్లెంలో మూడింతలు పడేవి.

ఆ మధ్యలోనే ఒక రోజు చిట్టి తోక కింద వెంట్రుకలకి ఎండిన బియ్యపు గింజలాంటివి అంటుకుని కనిపించాయి. తడిగా ఉన్నప్పుడు దోసగింజల్లా ఉండి కదులుతాయి. అది బద్దెపురుగు ముక్కలు. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ పేను మింగితే దాని లోపలున్న బద్దెపురుగు పిల్ల కడుపులోకి పోతుంది. చిన్నపిల్లలు కూడా ఆడుకుంటూ పొరపాటున పేను మింగితే వాళ్లకీ రావచ్చు, అరుదే గానీ వస్తుంది. ప్రాజిక్వాంటెల్ మాత్రతో పోయింది. పేలు పోకపోతే అది మళ్లీ వస్తుంది.

నీళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన చుట్టూ ఉన్నవి నీళ్లే. పెర్మెత్రిన్, ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఇవన్నీ పురుగుల నరాల మీద పనిచేసే మందులు, రొయ్య కూడా పురుగుకి దగ్గర చుట్టమే, రెండూ కీళ్లకాళ్ల జీవులే. చాలా కొద్ది మందుకే రొయ్యా చేపపిల్లా చస్తాయి. ఇంగ్లండులో 20 నదుల నీళ్లు పరీక్షిస్తే దాదాపు అన్ని నమూనాల్లో ఫిప్రోనిల్ కనిపించింది, దానికి పెంపుడు జంతువుల మందులే కారణమై ఉండొచ్చని ఆ పరిశోధకులు రాశారు. మా ఇంటి బోదె పోయి కలిసేది డ్రెయిన్‌లో, ఆ డ్రెయిన్ నీళ్లే కింద రొయ్యల చెరువులకి తోడుకుంటారు. చిట్టి మధ్యాహ్నం అయితే చాలు కాలవలో దూకుతుంది. ఈ సంగతి చెప్పాకే డాక్టరు గారు చుక్కల మందు వద్దని మాత్ర రాశారు. మీరు చుక్కల మందే వాడితే కొన్నాళ్లు కుక్కని కాలవకీ చెరువుకీ దూరంగా కట్టెయ్యండి, ఖాళీ గొట్టం బోదెలో విసరకండి, మందు తగిలిన చేతులు గాబు దగ్గర కడిగి ఆ నీళ్లు కాలవలోకి వదలకండి.

ఇప్పుడు కార్తీకం వచ్చింది. మూడు వారాలుగా డైరీలో సున్నాలే రాస్తున్నాను. చిట్టి తోక మొదట్లో వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. బంగారికి పిల్లుల కోసమే చేసిన సెలామెక్టిన్ చుక్కలు డాక్టరు గారే వేశారు, అది మళ్లీ చిట్టి కడుపు మీద తల పెట్టుకుని పడుకుంటోంది. అత్తయ్యగారు ప్రతి ఆదివారం వాటి బొంతలు రెండూ కాగులో పడేసి ఉడకబెడుతున్నారు, నేను చెప్పక్కర్లేకుండానే. తర్వాతి మాత్ర తారీఖు వంటింటి క్యాలెండరు మీద ఎర్రసిరాతో చుట్టి పెట్టాను. మొన్న బాబాయి గారు వాళ్ల కుక్కని మా కాటా దగ్గరికి తీసుకొచ్చి తూపించుకున్నారు, దాని మాత్ర కూడా అదే రోజు.